టెక్నికల్ కోఫౌండర్‌ని వెతికే ముందు యాప్ ఐడియాని పరీక్షించడమంటే ఏమిటి?

చేతిలో ఒక యాప్ ఐడియా ఉంటుంది, కోడ్ రాయడం రాదు. అలాంటివాళ్లు సాధారణంగా ముందు చేసే పని కోడ్ వచ్చిన భాగస్వామి కోసం, అంటే టెక్నికల్ కోఫౌండర్ కోసం వెతకడం. అడిగిన ఇంజనీర్లలో చాలామంది మర్యాదగా తప్పుకుంటారు. ‘ముందు వాలిడేట్ చేసుకుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం’ అంటారు. ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ విడమరిచి చెప్పరు. దాంతో కొందరు స్నేహితుల గ్రూపులో ఒక సర్వే పెట్టి వాలిడేషన్ అయిపోయిందనుకుంటారు. ఇంకొందరు నెలల తరబడి సర్వేల దగ్గరే ఆగిపోతారు.

ఇంజనీరు వైపు నుంచి చూస్తే ఆ జవాబు న్యాయమే. కోఫౌండర్‌గా చేరితే ఏడాదో రెండేళ్లో జీతం లేకుండా, లేదా నామమాత్రపు జీతంతో పని చేయాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు అప్పటిదాకా పెట్టింది ఒక ఊహ మాత్రమే. స్టార్టప్‌ల మీద పరిశోధన చేసే సీబీ ఇన్‌సైట్స్ సంస్థ, మూతపడిన 101 స్టార్టప్‌ల వాళ్లు చెప్పుకున్న కారణాలను 2014లో క్రోడీకరించింది. అందులో ‘మార్కెట్‌కు ఆ అవసరమే లేదు’ అన్నది 42 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. ఓడిపోయాక వెనక్కి తిరిగి చెప్పుకున్న కారణాలు కాబట్టి ఆ అంకెను మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. అయినా కోడ్ రాయకముందే తెలుసుకోగలిగిన కారణం జాబితాలో అన్నిటికంటే పైన ఉండటం గమనించదగ్గది.

మూడు ప్రశ్నలు: కావాలా, కట్టగలమా, గిట్టుతుందా

ఏ యాప్ ఐడియాలోనైనా మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఇది ఎవరికైనా నిజంగా కావాలా? దీన్ని సాంకేతికంగా కట్టగలమా? కట్టి నడిపితే గిట్టుబాటవుతుందా? వాలిడేషన్ అంటే ఈ మూడింటిలో దేని మీద ఐడియా కూలిపోయే ప్రమాదం ఎక్కువో గుర్తించి, దాన్ని ముందుగా, చవకగా పరీక్షించడం. కోడ్ రానివాళ్లు మొదటి ప్రశ్నను దాదాపు పూర్తిగా, మూడోదాన్ని సగం వరకు తేల్చగలరు. రెండోదానిలో తేల్చగలిగింది కొంచెమే. కానీ ఆ కొంచెం చాలా విలువైనది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఇక్కడ రెండు పదాలు తరచూ తారుమారవుతాయి. ప్రోటోటైప్ అంటే వస్తువు ఎలా ఉంటుందో చూపే నమూనా. ఎంవీపీ (మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్) అంటే వాడేవాళ్ల గురించి ఒక నిజం తెలుసుకోవడానికి సరిపోయే అతి చిన్న రూపం. ఈ మాటను 2001లో ఫ్రాంక్ రాబిన్సన్ వాడుకలోకి తెచ్చారు, తర్వాత ‘ది లీన్ స్టార్టప్’ రచయిత ఎరిక్ రీస్ వల్ల ప్రచారంలోకి వచ్చింది. ఎంవీపీ సాఫ్ట్‌వేరే అయి ఉండాలన్న నియమం ఏమీ లేదు. 1999లో నిక్ స్విన్‌మర్న్ ఇంటర్నెట్‌లో చెప్పుల అమ్మకం మొదలుపెట్టినప్పుడు గిడ్డంగీ లేదు, సరుకూ లేదు. దుకాణాల్లో ఉన్న జతలను ఫొటో తీసి సైట్లో పెట్టారు. ఆర్డర్ వస్తే ఆ దుకాణానికే వెళ్లి కొని పంపారు. ఆ పద్ధతిలో లాభం రాదు. అప్పుడు తేలాల్సింది లాభం సంగతి కాదు గనుక దానితో ఇబ్బంది లేదు. కాలికి వేసి చూసుకోకుండా జనం చెప్పులు కొంటారా అన్నదొక్కటే తేలాలి. అది తేలింది. ఆ కంపెనీయే తర్వాత జాపోస్‌గా పేరు తెచ్చుకుంది.

‘చాలా బాగుందండీ’ అన్న మాట బరువెంత

ఒక ఉదాహరణ ఊహించుకుని చివరిదాకా దాని వెంటే నడుద్దాం. ఇంట్లో సంగీతమో లెక్కలో చెప్పే ట్యూషన్ టీచర్లకు ఫీజుల లెక్క చూసిపెట్టే యాప్. టీచర్ దగ్గరకు వెళ్లి సూటిగా అడిగితే సంభాషణ ఇలా సాగుతుంది.

‘మేడం, ఫీజుల లెక్కలన్నీ ఒకేచోట చూపించే యాప్ ఉంటే వాడతారా?’

‘తప్పకుండా వాడతానండీ, చాలా బాగుంటుంది.’

ఈ జవాబులో సమాచారమేమీ లేదు. అడిగినవాళ్లను నొప్పించడం ఇష్టంలేక చెప్పిన మాట అది, పైగా భవిష్యత్తు గురించి. రేపు ఏం చేస్తామన్నది మనకే సరిగ్గా తెలియదు. నిన్న ఏం చేశామో మాత్రం తెలుసు. అందుకని ఐడియా ప్రస్తావన లేకుండా గతం గురించి అడగాలి.

‘కిందటి నెల ఎవరి ఫీజైనా ఆలస్యమైందా మేడం?’

‘నలుగురిది.’

‘అప్పుడు ఏం చేశారు?’

ఆవిడ టేబుల్ మీది నోట్‌బుక్ తెరుస్తుంది. పిల్లల పేర్లు, ఎదురుగా తారీకులు, నాలుగు పేర్ల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు. లెక్క ఎక్కడా తప్పలేదు. ‘ఇద్దరికి మెసేజ్ పెట్టాను. ఇంకో ఇద్దరిని అడగలేదు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మ రోజూ గుమ్మందాకా వచ్చి పలకరించి వెళ్తుంది. డబ్బులెప్పుడిస్తారని ఎలా అడగను?’

ఐడియా మొత్తం ఈ ఒక్క జవాబుతో తిరగబడింది. లెక్క రాసుకోవడం ఆవిడకు కష్టమే కాదు, నోట్‌బుక్ ఆ పని చక్కగా చేస్తోంది. ఆవిడను కుంగదీస్తున్నది అడగడంలోని మొహమాటం. అంటే కట్టాల్సింది లెక్కల యాప్ కాదు, ఆవిడ నోరు తెరవాల్సిన పని లేకుండా గుర్తుచేసే ఏర్పాటు. మొదటి ఐడియాతోనే కోఫౌండర్‌ని పట్టుకుని ఉంటే ఆ నోట్‌బుక్‌కే నకలు తయారుచేయడానికి నెలలు పట్టేవి.

ఇలాంటి సంభాషణల్లో పని చేసే ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. కిందటిసారి ఎప్పుడు జరిగింది, అప్పుడు ఏం చేశారు, దానికి ఎంత సమయం పట్టింది, ఇంతకుముందు వేరే ఏదైనా ప్రయత్నించారా, ఎందుకు మానేశారు. చివరి రెంటికీ బరువు ఎక్కువ. సమస్య ఉందని చెప్పి, దాన్ని తీర్చుకోవడానికి ఒక్క ప్రయత్నమూ చేయనివాళ్లు మన యాప్‌నూ వాడకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎక్సెల్ షీట్ మొదలుపెట్టి వదిలేసినవాళ్లు, ఏదో యాప్ దింపుకుని తీసేసినవాళ్లు కనిపిస్తే మాత్రం ఆ మాటను అక్కడితో వదలకూడదు. ఎందుకు తీసేశారన్నది మనం కట్టబోయేదానికి దిక్సూచి.

ఐడియా బయటపెడితే ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం చాలామందిలో ఉంటుంది. పై సంభాషణలో ఐడియా ప్రస్తావనే రాలేదని గమనించండి. మంచి ఇంటర్వ్యూకి దాన్ని చెప్పాల్సిన అవసరం దాదాపుగా రాదు.

చిన్న అంకెల్ని ఎలా చదవాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఒక వెబ్ పేజీ పెట్టి, యాప్ గురించి నాలుగు ముక్కలు రాసి, ఈమెయిల్ ఇమ్మని అడిగారనుకుందాం. 100 మంది చూశారు, ఐదుగురు ఇచ్చారు. ‘5 శాతం కన్వర్షన్’ అని ప్రెజెంటేషన్‌లోకి ఎక్కుతుంది. గణితం ప్రకారం అంత చిన్న నమూనా నుంచి, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: అసలు రేటు సుమారు 2 నుంచి 11 శాతం మధ్యలో ఎక్కడో ఉంది. కింది అంచులో ఉంటే ఐడియా నిలవదు, పై అంచులో ఉంటే బ్రహ్మాండం. 1000 మంది చూసి 50 మంది ఇస్తే అదే 5 శాతం అర్థం మారుతుంది, అంచులు సుమారు 4 నుంచి 6.5 దాకా దగ్గరపడతాయి. ఆ చూసినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్నది ఇంకో సంగతి. స్నేహితులు పంచిన లింకు నుంచి వచ్చినవాళ్లు స్నేహం కొద్దీ ఈమెయిల్ ఇస్తారు. వాళ్లను వేరుగా లెక్కపెట్టకపోతే అంకె ఎంత పెద్దదైనా పనికిరాదు.

దీనికి అటువైపు చూపే సూత్రం కూడా ఒకటి ఉంది. ఒక్కరిలోనూ కనిపించని విషయానికి పై హద్దు కావాలంటే 3ను నమూనా సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది. నమూనా మరీ చిన్నది కానంతవరకు ఈ ఉజ్జాయింపు పని చేస్తుంది. 15 మంది టీచర్లతో మాట్లాడితే ఒక్కరికీ ఆ సమస్య లేదనుకోండి. అప్పుడు మొత్తం టీచర్లలో అది ఉన్నవాళ్లు 20 శాతానికి మించి ఉండరని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 15 సంభాషణలు ‘ఎంతమంది’ అన్నదాన్ని కచ్చితంగా చెప్పలేకపోయినా, చచ్చిన ఐడియాని గుర్తించడానికి సరిపోతాయి.

అంకెల కంటే ముఖ్యం, ఎదుటివాళ్లు ఏం వదులుకున్నారన్నది. పొగడ్తకు ఖర్చు లేదు. ఈమెయిల్‌కు కొంచెం ఉంది. అరగంట సమయం ఇస్తే ఇంకొంచెం. తమ దగ్గరి వివరాలు చేతికివ్వడం, తెలిసిన మరో టీచర్‌కు పరిచయం చేయడం ఇంకా పెద్దవి. డబ్బు చెల్లించడం అన్నిటికంటే పెద్దది. 2010లో జోయెల్ గాస్కాయిన్, సోషల్ మీడియా పోస్టులను అనుకున్న సమయానికి పంపే బఫర్‌ను మొదలుపెట్టినప్పుడు, ఈమెయిల్ అడిగే పేజీకి ముందు ధరల పేజీ ఒకటి చేర్చి చూశారు. డబ్బులు కట్టే ప్లాన్ మీద నొక్కేవాళ్లు ఉన్నారా అన్నది తేలాకే అసలు యాప్ రాశారు. ఆయనకు కోడ్ వచ్చు. అయినా ముందు పేజీలే పెట్టారు.

డబ్బు తీసుకునే పరీక్షలో ఒక హద్దు ఉంది. లేని వస్తువును ఉందని చెప్పి డబ్బు తీసుకుంటే అది మోసం. ఇంకా తయారవుతోందని ముందే చెప్పాలి, లేదా నొక్కాక చెప్పి డబ్బు తీసుకోకుండా ఆపాలి, లేదా మనిషి చేత్తో అయినా ఆ సేవను నిజంగా అందించాలి.

నెల రోజులు చేత్తో నడిపితే

మన ఉదాహరణలో మూడో దారి పట్టారనుకుందాం. 40 మంది టీచర్లకు మెసేజ్ పెడితే 15 మంది మాట్లాడారు. వాళ్లలో 11 మందికి గత రెండు నెలల్లో ఆలస్యపు ఫీజులున్నాయి. ఆరుగురు పిల్లల జాబితా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మొత్తం 130 మంది పిల్లలు. ఒక షీటు, ఒక విడి ఫోన్ నంబరు, అంతే సరంజామా. ఫీజు తేదీ దాటిన రోజు ‘ఫలానా టీచర్ గారి తరఫున’ అని తల్లిదండ్రులకు గుర్తుచేసే మెసేజ్ చేత్తో పంపాలి. ఇందులో ఇతరుల ఫోన్ నంబర్లున్నాయి కాబట్టి, ఆ సంగతి తల్లిదండ్రులకు టీచరే ముందు చెప్పాలి, నెలాఖరున జాబితా చెరిపేయాలి.

మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద గెలుపు గీత గీసుకోవాలి: ‘నెల తర్వాత ఆరుగురిలో కనీసం ముగ్గురు వచ్చే నెలకు ముందుగా డబ్బు కడితే ముందుకు, లేకపోతే ఆగి ఆలోచించాలి.’ ఈ వాక్యం ముందు రాయకపోతే, ఫలితం ఏదొచ్చినా అదే బాగుందనిపిస్తుంది. సొంత ఐడియా మీద ప్రేమకు అంత శక్తి ఉంది.

ఆ నెలలో 38 మంది తేదీ దాటారు. మెసేజ్ వెళ్లాక మూడు రోజుల్లో 27 మంది కట్టారు. నెలాఖరున ముగ్గురు టీచర్లు డబ్బు కట్టారు. గీత దాటింది. ఇక్కడ ‘50 శాతం కొనుగోలు’ అని రాసుకుంటే పెద్ద తప్పు. ఆరుగురిలో ముగ్గురంటే అసలు రేటు 12 నుంచి 88 శాతం దాకా ఎంతైనా కావచ్చు. శాతాన్ని పక్కనపెట్టి మనుషుల్ని చూడాలి. కట్టిన ముగ్గురికీ వరసగా 28, 31, 36 మంది పిల్లలున్నారు. కట్టనివాళ్లలో ఇద్దరికి 8, 9 మంది. మూడో ఆవిడకు 18 మంది ఉన్నా, ఆవిడ ఏడాది ఫీజును రెండు దఫాల్లో తీసుకుంటుంది, ఆలస్యమన్న బెడద ఏడాదికి రెండుసార్లే. దీంతో ఎవరికి అమ్మాలో స్పష్టమవుతోంది: పాతికమందికి పైగా పిల్లలుండి, నెలనెలా ఫీజు తీసుకునే టీచర్లు. ఇది ఇంకా ఊహే, కానీ తర్వాతి ఇరవై సంభాషణలు ఎవరితో జరపాలో చెప్పే ఊహ.

ఇంకో లెక్క కూడా చేతికొస్తుంది. షీటు చూసి, మెసేజ్ పంపి, జవాబు రాసుకోవడానికి ఒక్కో ఆలస్యానికి 4 నిమిషాలు పట్టిందనుకుందాం. కట్టిన ముగ్గురికీ కలిపి 30 ఆలస్యాలుంటే 120 నిమిషాలు, అంటే టీచర్‌కు నెలకు 40 నిమిషాలు. 40 మంది టీచర్లు చేరితే నెలకు సుమారు 27 గంటలు. అప్పటిదాకా ఒక మనిషి చేత్తో నడపగల వ్యాపారమిది, కోడ్ లేకపోవడం దీన్ని ఆపడం లేదు. ఇప్పుడు ఆపుతున్నది టీచర్లను చేర్చుకోవడంలోని కష్టం. దాన్ని ఏ ఇంజనీరూ తీర్చలేడు.

చేతిపనిలో బయటపడని చిక్కులు

చేత్తో నడిపిన పరీక్ష జనానికి కావాలని చెబుతుంది. యంత్రంతో అదే పని చేయనిస్తారా అన్నది చెప్పదు. కట్టగలమా అన్న ప్రశ్నలో కోడ్ రానివాళ్లు తేల్చగలిగిన భాగం ఇదే. వాట్సాప్, యాప్ స్టోర్ల లాంటి వేదికల నియమాలు చదవడానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, ఓపిక చాలు.

చేత్తో మెసేజ్ పంపితే ఎవరూ అడ్డుచెప్పలేదు. వాట్సాప్‌లో అదే పని యాప్ ద్వారా తనంతట తాను జరగాలంటే, వ్యాపారాల కోసం పెట్టిన ప్రత్యేక వ్యవస్థ ద్వారానే వెళ్లాలి. ముందుగా ఆమోదం పొందిన మెసేజ్ నమూనాలు ఉండాలి, అందుకునేవాళ్ల సమ్మతి ఉండాలి, దానికి రుసుము ఉంటుంది. మామూలు నంబరు నుంచి ఆటోమేటిక్‌గా గుంపులకు పంపితే ఆ నంబరును నిషేధించే ప్రమాదం ఉంది. అలాగే ‘ఫీజు జమ అయినట్టు ఫోన్‌కొచ్చే ఎస్ఎంఎస్‌ని యాప్ తనే చదివి టిక్ పెట్టేస్తే?’ అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఐఫోన్‌లో మామూలు యాప్‌లు ఇన్‌బాక్స్‌లోని ఎస్ఎంఎస్‌లను చదవలేవు. గూగుల్ ప్లే కూడా ఎస్ఎంఎస్, కాల్ లాగ్ అనుమతులను గట్టిగా కట్టడి చేస్తూ 2018 అక్టోబరులో విధానం ప్రకటించింది. మినహాయింపులున్నా అవి కొన్ని రకాల యాప్‌లకే. ఆ ఒక్క సౌకర్యం మీదే ఐడియా ఆధారపడి ఉంటే అది తెలియాల్సింది ఇప్పుడే. గిట్టుబాటు లెక్కలో కూడా చందా ధరను నేరుగా ఆదాయంగా రాసుకోకూడదు. యాప్ స్టోర్లు తమ ద్వారా జరిగే డిజిటల్ చందాల్లో సాధారణంగా కొంత శాతం కమిషన్ తీసుకుంటాయి.

రెండు పక్షాలను కలిపే యాప్‌లకు, అంటే పని ఇచ్చేవాళ్లనూ చేసేవాళ్లనూ కలిపేవాటికి, చేతిపని పరీక్షలో ఇంకో మెలిక ఉంది. రెండు పక్షాల్లో దొరకడం కష్టమైనవాళ్లతోనే ముందు పరీక్షించాలి. తేలిగ్గా వచ్చేవాళ్లు వేలమంది చేరినా అది రుజువు కాదు.

అందరూ ఒప్పుకోని చోట్లు

ముందు పరీక్ష, తర్వాతే కోఫౌండర్ అన్న క్రమాన్ని అందరూ ఒప్పుకోరు. ఒక వాదన: టీచర్ నోట్‌బుక్ తెరిచిన ఆ క్షణంలో ఇంజనీరు కూడా పక్కనే ఉండాలి. వినికిడి మాటగా చేరిన అవగాహనతో రాసిన కోడ్ అరువు బట్టలా ఉంటుంది, ఇద్దరూ కలిసి విన్నప్పుడే పరిష్కారం కొత్తగా తడుతుంది. ఈ వాదనలో బలం ఉంది. ముఖ్యంగా కట్టగలమా అన్నదే అసలు ప్రమాదమైన చోట, అంటే కొత్త అల్గారిథమో పరికరమో అవసరమైన ఐడియాల్లో, చేత్తో చేసే పరీక్షలు అసలు ప్రశ్నను తాకనే తాకవు. అక్కడ సాంకేతిక భాగస్వామి మొదటి రోజు నుంచీ కావాలి.

ఇళ్లలో గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కథ ఈ రెండు వాదనలకూ మధ్యలో నిలుస్తుంది. 2007 అక్టోబరులో డిజైనర్లు బ్రయాన్ చెస్కీ, జో గెబియా శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక డిజైన్ సదస్సు జరిగే రోజుల్లో తమ ఇంట్లో గాలి పరుపులు వేసి, ఒక సాదా వెబ్‌సైట్ పెట్టారు. ముగ్గురు అతిథులు డబ్బు కట్టి వచ్చారు. ఇంజనీరు నేథన్ బ్లెచార్చిక్ మూడో వ్యవస్థాపకుడిగా కలిసింది ఆ తర్వాత. ఆయన అప్పటికే గెబియాతో కలిసి ఒకే ఇంట్లో ఉండి వెళ్లిన మనిషి. రుజువూ ఉపయోగపడింది, పాత పరిచయమూ ఉపయోగపడింది. ముగ్గురు అతిథులు గణాంకంగా ఏమీ కారు. ముగ్గురితోనే ఆగిపోయిన ప్రయోగాలు ఇంకెన్నో ఉండి ఉంటాయి, వాటి కథలు మనదాకా రావు.

ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న వాదన ఏఐ సాధనాలది. మామూలు మాటల్లో చెబితే కొన్ని రోజుల్లో యాప్ తయారవుతుంటే ఇంక ఈ పరీక్షలెందుకు, కట్టి చూపిస్తే పోలేదా అంటారు. చేతిలో పట్టుకుని నొక్కగలిగే వస్తువు చూపించినప్పుడు జనం ఇచ్చే స్పందన మాటలకు ఇచ్చేదానికంటే నిజాయితీగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ కట్టడం చవకైనంత మాత్రాన టీచర్ల మొహమాటం మన కంట పడదు. నోట్‌బుక్‌కు నకలు మూడు నెలలకు బదులు మూడు రోజుల్లో తయారవుతుంది, అంతే. భద్రత సంగతి కూడా ఉంది. సాధనం పుట్టించిన డేటాబేస్‌కు తాళం వేశారో లేదో కోడ్ చదవలేనివాళ్లు చూసుకోలేరు. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల నంబర్లు అందులో పెట్టే ముందు, తెలిసిన ఇంజనీరు చేత ఒకసారి చూపించుకోవడం తప్పనిసరి.

పరీక్ష అయ్యాక వెతకాల్సింది ఎవరిని

పరీక్ష వల్ల ఎవరు కావాలన్న ప్రశ్న కూడా మారిపోతుంది. మొదటి ఐడియాకు మంచి మొబైల్ స్క్రీన్లు గీసి రాసేవాళ్లు కావాలి. నోట్‌బుక్ చూశాక తేలిన ఐడియాకు స్క్రీన్లు రెండో మూడో చాలు. కష్టమంతా వెనకాల ఉంది: మెసేజ్ వెళ్లిందా, విఫలమైతే మళ్లీ పంపాలా, ఫీజు కట్టేసినవాళ్లకు పొరపాటున గుర్తుచేయకుండా ఎలా ఆపాలి. డబ్బు కట్టిన తల్లికి ‘మీ ఫీజు రాలేదు’ అని ఒక్క మెసేజ్ వెళ్లినా టీచర్ పరువు పోతుంది, ఆ మరునాడే యాప్ తీసేస్తుంది. అందుకని పేమెంట్లు, మెసేజింగ్ వ్యవస్థల మీద పని చేసిన మనిషి కావాలి. కొన్నిసార్లు, 40 మంది టీచర్లదాకా చేతిపనే చాలని తేలినప్పుడు, ఇప్పటికి ఎవరూ అక్కర్లేదన్నదే జవాబు. చిన్న పనిని కాంట్రాక్టుకిచ్చి, కంపెనీలో వాటా చేతిలోనే ఉంచుకోవచ్చు.

కోఫౌండర్‌తోనే ముందుకెళ్లాలనుకుంటే, ఆ మొదటి సమావేశానికి రంగుల స్లైడ్ల కంటే 15 సంభాషణల నోట్సు, ముందే గీసుకున్న గెలుపు గీత, డబ్బు కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ ఎందుకలా చేశారన్న వివరం, మెసేజింగ్ నియమాల్లో కనిపించిన అడ్డంకులు తీసుకెళ్లడం మేలు. కట్టనివాళ్ల వివరం దాచకూడదు. అనుభవమున్న ఇంజనీరు ముందుగా అడిగేది దాని గురించే.

వాటా మాట వచ్చినప్పుడు ఈ రుజువు విలువను ఎక్కువగానూ లెక్కకట్టకూడదు, తక్కువగానూ లెక్కకట్టకూడదు. ముగ్గురు కట్టిన చందా ఒక కంపెనీ కాదు, ముందున్న పనంతా ఇద్దరూ కలిసి చేయాల్సిందే. ఇద్దరికీ రక్షణ ఇచ్చే ఏర్పాటు వెస్టింగ్. వాటా ఒక్కసారిగా చేతికి రాకుండా కాలంతో పాటు దక్కుతుంది. స్టార్టప్‌లలో వాడుకలో ఉన్నది నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది క్లిఫ్, అంటే ఏడాది నిండేదాకా ఏ వాటా దక్కని షరతు. కోఫౌండర్‌కు 40 శాతం అనుకుంటే, పదకొండో నెలలో విడిపోతే ఏమీ దక్కదు. పన్నెండో నెల నిండితే ఒకేసారి 10 శాతం, అక్కడినుంచి నెలకు సుమారు 0.83 శాతం చొప్పున నలభై ఎనిమిదో నెలకు మొత్తం పూర్తవుతుంది. ఐడియా తెచ్చినవాళ్ల వాటాకూ ఇదే షరతు పెడితే మాట సులువుగా కుదురుతుంది.